పద్నాలుగో టోపీ

కోడలికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తను స్నానాల గదిలో జారి పడిపోతే, ఏడాదిన్నర పాప తలుపు బయట కూర్చుని "మ్మా... మ్మా..." అంటూ అరచేత్తో తలుపు కొడుతూ ఉండిపోతుందని. ఆకలేసి ఏడుస్తుందని, ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోతుందని, లేచి మళ్ళీ కొడుతుందని. మొగుడు లారీ ఎక్కాడంటే మూడ్రోజులకో నాలుగ్రోజులకో గాని ఇంటి మొహం చూడడు. అందుకే ఆమె స్నానాల గదికి ఎప్పుడూ గడియ పెట్టదు. పడుకునే ముందు గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసి వస్తుంది.

"ఒకసారి కట్టేసిన పొయ్యి, నువ్వు మూడోసారి చూడ్డానికి వెళ్తే సిగ్గుపడి మళ్ళీ వెలుగుతుందా ఏంటే?" అంటుంది అత్త.

ఆ అత్త ఇంట్లో ఉంటేనే కోడలికి ధైర్యం. అందుకే అత్త కాళ్ళ మీద అత్తకంటే ఆమెకే పట్టింపు ఎక్కువ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు నిలబడి ఇస్త్రీ చేసిన కాళ్ళవి. పని మానేసి కుర్చీలో కూర్చోగానే పొంగాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటి దాకా పూడేది కాదు. "రోజూ నడవాలి," అన్నాడు డాక్టరు. "పరుగులు అక్కర్లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగినంత వేగం చాలు. మాట ఆగిపోయి ఆయాసం వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టు."

కబుర్లంటే అత్తకి ప్రాణం. ముప్పై ఏళ్ళు యంత్రాల హోరులో సైగలతో బతికింది మరి. కొడుకు కనుక్కొచ్చి పార్కు గేటు దగ్గర కలిసే నడక గుంపులో చేర్చాడు. తెల్లారి ఆరింటికి గేటు, కాలవ గట్టు వెంట వంతెన దాకా, వంతెన దాటి పెద్ద రోడ్డు మీదుగా మళ్ళీ గేటు. పద్నాలుగు మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. తొలిరోజే ఆవిడ ఎవరెవరు ఎన్ని పళ్ళు కట్టించుకున్నారో కనుక్కుని వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి పాదం మీద వేలి గుంట, కోడలు ఒకటి, రెండు, మూడు అనేలోపు పూడిపోతోంది. రాత్రిళ్ళు పాపకి పాలిచ్చాక అత్త పాదం నొక్కి చూడటం కోడలికి గ్యాసు చూడటం లాంటిదే అయింది.

కోడలు గుంపులో మనిషి కాదు. అత్త రోడ్డు దాటేటప్పుడు కంగారుపడుతుందని పాప బండి తోసుకుంటూ వెనకాల వస్తుంది, అంతే. కానీ బండి అన్నది కనిపించాక ఊరుకుంటారా ఎవరైనా?

"అమ్మాయ్, ఈ నీళ్ళ సీసా కాస్త అందులో పడెయ్."

"నా గొడుగు కూడా తల్లీ. నీ బండి ఖాళీయే కదా."

ఖాళీ ఎక్కడ, అందులో ఓ పిల్ల ఉంది. పద్నాలుగు సీసాల మధ్య పాప కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. కోడలు లోపల కుతకుతలాడేది గాని పైకి అనేది కాదు. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. తను ఎనిమిదో తరగతిలో లెక్కలు దాటలేక బడి మానేసిన మనిషి.

ఆ శనివారం కళ్ళజోళ్ళ షాపువాళ్ళు గుంపుకి పసుపు టోపీలిచ్చారు, సరిగ్గా పద్నాలుగు. వచ్చే వారం ఆదివారం నడక గుంపుల పోటీ ఉంది. గుంపుకి పద్నాలుగు మంది, అందరూ నలభై నిమిషాల్లో చుట్టు పూర్తి చెయ్యాలి, ఆఖరి మనిషి గేటు చేరిన టైమే గుంపు టైము. టోపీలు పంచింది పంతులమ్మ గారు. బడి నుంచి రిటైరై పదేళ్ళయినా గొంతు ఇంకా ప్రార్థన బారు ముందు నిలబడ్డట్టే ఉంటుంది. అందరికంటే ముందు నడుస్తూ, చేతి గడియారం చూసుకుంటూ, "స్పీడు! స్పీడు!" అని వెనక్కి కేకేస్తుంది.

"ఇదిగో, మన నెమ్మది గారికి కూడా ఒకటి," అంటూ ఆఖరి టోపీ అత్త చేతిలో పెట్టింది. "టోపీ పెట్టుకున్నాకైనా కాళ్ళు కదులుతాయేమో చూద్దాం."

నలుగురూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. "పేరు బాగానే పెట్టారండీ. జ్వరం నెమ్మదించిందంటే మంచి మాటే కదా."

ఇంటికొచ్చాక కోడలు గిన్నెలు దబదబా పడేసింది.

"గిన్నెల మీదేంటే నీ కోపం?"

"ఆవిడెవరండీ మీకు పేరు పెట్టడానికి?"

"పెడితే పెట్టింది. బడి పంతులమ్మ కదా, మారు పేర్లు పెట్టకపోతే పొద్దెలా పోతుంది?" అంటూ అత్త అద్దం ముందు నిలబడి టోపీ ఇటూ అటూ సర్దుకుంది. యూనిఫారం కాకుండా ఆవిడకంటూ నలుగురితోపాటు ఎవరైనా ఇచ్చినది అదే మొదటిది.

సోమవారం తెల్లారి మబ్బు పట్టింది. గుంపు బయల్దేరేటప్పుడు లెక్క చూడ్డం కండక్టరు గారి పని. ఆయన ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. ఇప్పటికీ మెడలో విజిలుంటుంది, చెవి మీద పెన్ను ఉంటుంది, లెక్క కుదరగానే "రైట్, రైట్!" అంటాడు. ఎవరైనా మాట్లాడుతూ దారికి అడ్డం నిలబడితే "ముందు ఖాళీగా ఉంది, జరగండి జరగండి" అని నవ్విస్తాడు.

గట్టు మీద సగం దూరం వెళ్ళాక చినుకులు మొదలయ్యాయి. ముందు నుంచి "స్పీడు! వంతెన అవతల బస్సు షెల్టరులో ఆగుదాం!" అని కేక. గుంపు దూరమైపోయింది. అత్త తన టోపీ తీసి కోడలి నెత్తిన పెట్టింది.

"నాకెందుకు అత్తయ్యా, మీరు తడుస్తారు."

"నువ్వు తడిస్తే నీకు జలుబు. నీకొస్తే దానికొస్తుంది. దానికొస్తే రాత్రంతా నాకు జాగారం. పద, బండి తోసుకుని ముందెళ్ళు. నేను మెట్లెక్కి వస్తా. నా ఫోను కూడా సంచిలో వెయ్యి, తడిసిపోద్ది."

బండి మెట్లెక్కదు, వాలుదారిలో వెళ్ళాలి. కోడలు చుట్టు తిరిగి, వంతెన దాటి షెల్టరు చేరేసరికి లోపలంతా పసుపు టోపీలు, తడిసిన భుజాలు, ఒకటే గోల. పాప చలికి ఏడుపు లంకించుకుంది. ఆమె పాపని బండిలోంచి తీసి భుజానేసుకుని, కొంగుతో తల తుడుస్తూ ఓ మూల నిలబడింది. ఫొటోల తాతయ్య, ఒకప్పుడు స్టూడియో నడిపిన ఆయన, ఫోను పైకెత్తి "అందరూ ఇటు చూడండి!" అన్నాడు. కండక్టరు గారు పెన్ను గాల్లో ఆడిస్తూ వరసగా లెక్కపెట్టాడు.

"పన్నెండు, పదమూడు, పద్నాలుగు. రైట్, రైట్!"

పద్నాలుగు అన్న మాట కోడలి చెవిన పడింది. అత్త అవతలి కొసన ఎక్కడో కబుర్లలో పడి ఉంటుందనుకుంది. తల ఎత్తి వెతకలేదు. గ్యాసు మూడుసార్లు చూసే మనిషి, మనిషిని ఒక్కసారి చూడలేదు. చదువుకున్నవాళ్ళు లెక్కపెట్టారు, తప్పెందుకు ఉంటుంది?

గుంపు పెద్ద రోడ్డు మీద చకచకా సాగింది. గేటు దగ్గర అందరూ ఎవరి సీసాలు వాళ్ళు బండిలోంచి ఏరుకుంటున్నారు. ఒక్క సీసా మిగిలింది. దాని మూతకి గుర్తుగా కట్టిన, ఇస్త్రీ చేసిన నవారు ముక్క ఉంది. అత్తది.

"అత్తయ్య ఏరి?"

"ఇక్కడే ఉంటారమ్మా," అన్నాడు కండక్టరు గారు. "పద్నాలుగు మందిమి వచ్చాం కదా."

"మా అత్తయ్య ఏరండీ?"

ఆయన మళ్ళీ పెన్ను పైకెత్తాడు. ఒకటి, రెండు, మూడు... పెన్ను తిరిగి తిరిగి వచ్చి కోడలి నెత్తి మీద ఆగింది. "పద్నాలు..." అని ఆగిపోయాడు.

కోడలి చెయ్యి తన తల మీదికి వెళ్ళింది. వేళ్ళకి టోపీ అంచు తగిలింది.

పాప బండి అక్కడే వదిలేసి, పిల్లని చంకనేసుకుని గట్టు వెంట పరుగెత్తింది. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. వంతెన మెట్ల దగ్గర, కింద నుంచి నాలుగో మెట్టు మీద అత్త కూర్చుని ఉంది, ఒక కాలు ముందుకి చాపుకుని. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మోకాలి మీద చేతిరుమాలు పరుచుకుని, తడి అరచేత్తో దాని మడతలు సాగదీస్తోంది. అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి, ఇస్త్రీ బల్ల మీద చేసినట్టే.

"వచ్చావా," అంది. పెదాలు నీలంగా ఉన్నాయి. "జారింది. మడమ తిరిగింది. అరిచానే, వాన చప్పుడుకి వినపడినట్టు లేదు. ఇద్దరు కుర్రాళ్ళు పరుగెడుతూ పోయారు, చెవుల్లో అవి పెట్టుకుని. చెయ్యెత్తితే, వాళ్ళూ చెయ్యూపి పోయారు."

"ఎంతసేపైందండీ?"

"ఏమో. రుమాలు నాలుగుసార్లు ఆరేసినంత సేపు." నవ్వబోయింది, పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

మధ్యాహ్నం అత్తకి కట్టు కట్టించి ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు కోడలు సంచిలోంచి అత్త ఫోను తీసింది. నడక గుంపు మెసేజిల్లో, పొద్దున షెల్టరులోంచే పెట్టిన ఫొటో ఉంది. షెల్టరు నిండా పసుపు టోపీలు, నవ్వులు. ఓ మూల టోపీ కింద కోడలి సగం మొహం, భుజం మీద ఏడుస్తున్న పాప. దాని కింద రాత: "వానొచ్చినా ఆగని అడుగులు! పద్నాలుగుకి పద్నాలుగు!" కింద వరసగా చప్పట్ల బొమ్మలు. కోడలు వాటిని ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివినట్టు చూసింది. పదకొండు మంది చప్పట్లు కొట్టారు. ఆ పదకొండు మందిలో ఒక్కరికి కూడా ఆ మూల ఉన్నది ఎవరో కనపడలేదు.

విరగలేదు, బెణికిందంతే. మడమ మాత్రం బూరెలా వాచింది. మంగళవారం ఎవరూ రాలేదు. బుధవారం పదింటికి తలుపు చప్పుడైతే తీసింది కోడలు. కండక్టరు గారు. చేతిలో అరటిపళ్ళు, మెడలో విజిలు లేదు.

"అక్కయ్య గారికి ఎలా ఉందమ్మా?"

"రండి బాబాయ్ గారూ," అంది, తప్పుకుని నిలబడి.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. అరటిపళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. కాలు గురించి అడిగాడు, వాన గురించి చెప్పాడు, కొత్తగా వేస్తున్న పెద్ద రోడ్డు గురించి చెప్పాడు. అత్త మంచం మీద కాలు చాపుకుని అన్నిటికీ ఊఁ కొట్టింది. ఆఖరికి ఆవిడే అంది.

"విషయం చెప్పండి. బస్సు నిండాక కండక్టరు ఊరికే ఎక్కడు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పంతులమ్మ గారు మీటింగు పెట్టారు. అంటే, మీ మంచికేనండీ. నలభై నిమిషాల్లో రాలేనివాళ్ళు గుంపుతో రాకపోవడమే క్షేమం అని. ఇంకోసారి ఇలాంటిది జరిగితే గుంపుకి మాటొస్తుంది కదా అని. ఇంకోటేంటంటే, టోపీ వేరేవాళ్ళకి ఇవ్వకూడదని ముందే చెప్పారట. మీరు ఇవ్వబట్టే లెక్క తప్పిందని..."

"నేను ఇవ్వబట్టే," అంది అత్త.

"నేననలేదండీ. వాళ్ళు..." ఆయన అరటిపళ్ళని అటూ ఇటూ తిప్పాడు. "ఆదివారం పోటీ ఉంది కదా. మనిషి తక్కువయ్యాడు. బ్యాంకులో చేసి రిటైరైన ఆయన ఒకరు కొత్తగా చేరారు. ఆ టోపీ ఉంటే..."

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. వాచిన కాలు చూడ్డానికి రాలేదు ఈయన, టోపీ పట్టుకుపోవడానికి వచ్చాడు!

"అమ్మాయ్," అంది అత్త, "ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టు."

"అత్తయ్యా!"

"పెట్టమన్నాను."

టోపీ సోమవారం రాత్రే ఉతికి ఆరేసి ఉంది. అత్త కట్టు కాలిని స్టూలు మీదికెత్తుకుని బల్ల దగ్గర కూర్చుంది. గుండ్రటి గిన్నె బోర్లించి, దాని మీద టోపీ తొడిగింది. వేలు తడిచేసి ఇస్త్రీపెట్టె అడుగుకి తాకించింది, చుయ్యిమంది. పైన తడిగుడ్డ కప్పి, పెట్టె ముక్కుకొసతో కుట్టు వెంట నెమ్మదిగా నడిపింది. ఒక్కో చెక్కా తిప్పుకుంటూ ఆవిరి పట్టించింది. అంచు కింద చెమట మరక పడే చోట లోపలికి వేలు పెట్టి పట్టీ సాఫు చేసింది. తొందరేం లేదు. ఆసుపత్రిలో ఎవరు చచ్చినా ఎవరు బతికినా దుప్పటి మడత ఒక్కలాగే ఉండాలని ఆవిడ రూలు. కండక్టరు గారు ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన నుదుట చెమట పట్టింది.

"ఇదిగోండి," అంది అత్త, రెండు చేతులతో అందిస్తూ. "బ్యాంకాయన తల పెద్దదైతే వెనకాల బిళ్ళ ఉంది, వదులు చేసుకోమనండి."

ఆయన అందుకోబోతుంటే కోడలు మధ్యలోకి వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. జీవితంలో పెద్దవాళ్ళ ముందు గొంతెత్తలేదు.

"బాబాయ్ గారూ, నేను చదువుకోలేదు. నాకు తెలీక అడుగుతున్నాను. ముప్పై ఏళ్ళు బస్సులో మనుషుల్ని లెక్కపెట్టారు కదా మీరు. మొన్న షెల్టరులో ఏం లెక్కపెట్టారు?"

"అమ్మా, అది..."

"నా భుజం మీద ఏడుస్తున్న పిల్లుంది. నేను మీ గుంపు మనిషిని కాను. మూడు నెలలుగా మీ అందరి సీసాలు మోస్తున్నాను, నా మొహం మీకు తెలీదా? ఏం లెక్కపెట్టారు చెప్పండి."

ఆయన చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"టోపీలమ్మా," అన్నాడు.

 పాప అరటిపండు కోసం చెయ్యి చాపింది. ఆయన ఒకటి తుంచి దాని చేతికిచ్చాడు, మిగతావి గూట్లో పెట్టాడు, టోపీని నలగకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఎందుకిచ్చారండీ?" కోడలికి ఏడుపొచ్చింది. "మొహాన కొట్టాల్సింది."

"కొడితే మాత్రం నలిగేది టోపీయేగా." అత్త ఇస్త్రీపెట్టె వైరు చుట్టింది. బాగున్న కాలు ముందుకి చాపి, "మూడ్రోజులుగా కూర్చునే ఉన్నాను. పాదం నొక్కి చూడు," అంది.

కోడలు నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. గుంట ఇంకా పూడలేదు.

ఆదివారం పోటీలో గుంపుకి మూడో బహుమతి వచ్చిందని ఫోనులో తెలిసింది. పంతులమ్మ గారు కప్పు పట్టుకుని నిలబడింది. బ్యాంకాయనకి టోపీ బిగుతైనట్టుంది, నెత్తి మీద కాకి వాలినట్టు కూర్చుంది. అది చూసి అత్తాకోడళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

సోమవారం తెల్లారి కట్టు విప్పి, చేతికర్ర పట్టుకుని, "పద," అంది అత్త.

"వాళ్ళు రావద్దన్నారు కదండీ."

"గుంపులోకి రావద్దన్నారు. గట్టు వాళ్ళ బాబుదా?"

గుంపు వెళ్ళిన పది నిమిషాలకి వీళ్ళు బయల్దేరారు. బండిలో ఒక్క సీసాయే ఉంది. పాప కాళ్ళు బారుగా చాపుకుని కూర్చుంది. గట్టు మలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. కండక్టరు గారు, నెత్తిన టోపీ లేకుండా.

"మీకు అక్కడ లెక్క తప్పుతుందేమో, వెళ్ళండి," అంది కోడలు. ఆమెకి ఇంకా చల్లారలేదు.

"ముందు నిలబడి లెక్కపెట్టడమేనమ్మా నేను చేసిన తప్పు," అన్నాడు. "ముందుండేది డ్రైవరు. కండక్టరు చోటు వెనక డోరు దగ్గర. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ పడేవాళ్ళూ అక్కణ్ణుంచే కనపడతారు. ఇన్నేళ్ళు చేసి, ఆ సంగతి మర్చిపోయాను." అత్త వైపు తిరిగాడు. "అక్కయ్య గారూ, టిక్కెట్టు ఉందా?"

"పాసుందిలే, పద," అంది అత్త.

ముగ్గురూ నడిచారు. అత్తకి మాట ఆగలేదు, ఆయాసం రాలేదు. ముందు నుంచి "స్పీడు! స్పీడు!" కేక వినపడకపోతే ఆ పొద్దు ఎంత హాయిగా ఉందో అనుకుంది కోడలు. అదే మాట పైకి కూడా అంది.

మంగళవారం కూడా వినపడలేదు. వంతెన దగ్గరికి వచ్చేసరికి అత్త మాట ఆపింది.

"పంతులమ్మ గొంతు నిన్నా లేదు, ఇవాళా లేదు."

"ముందెక్కడో ఉంటారు," అన్నాడు కండక్టరు గారు. "ఆవిడెప్పుడూ ముందే కదా."

గేటు దగ్గర గుంపుని అడిగితే, "ఆవిడ స్పీడు మనకెక్కడ, మనకంటే ముందే చుట్టేసి ఇంటికి పోయుంటుంది," అన్నాడు ఫొటోల తాతయ్య. "నిన్న వచ్చిందా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకవాళ్ళకి ఆవిడ ముందుంది. ముందువాళ్ళకి ఇంకా ముందుంది. కళ్ళతో చూసినవాళ్ళు లేరు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"ఇల్లెక్కడ?" అంది అత్త.

కోడలు అడ్డుపడింది. "ఆవిడ మిమ్మల్ని చూడ్డానికి వచ్చిందా అత్తయ్యా? కనీసం ఫోనైనా చేసిందా? టోపీ కోసం మనిషిని పంపింది! అంత దూరం ఈ కాలితో..."

"నలభై నిమిషాలు కూర్చున్నానే ఆ మెట్టు మీద," అంది అత్త. "ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నడు."

కండక్టరు గారు దారి చూపించాడు. పెద్ద రోడ్డు పక్క సందులో రెండంతస్తుల ఇల్లు. పైభాగంలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. అత్త ఒక్కో మెట్టుకీ కర్రా, కాలూ, కర్రా, కాలూ వేసుకుంటూ ఎక్కుతోంది. కోడలు పాపని ఎత్తుకుని ముందు ఎక్కేసింది. తలుపు పిడిలో రెండు పేపర్లు దూర్చి ఉన్నాయి. నిన్నటిదీ, ఇవాళ్టిదీ. ఆ రెండు పేపర్లూ చూడగానే కోడలు పాపని గట్టిగా హత్తుకుంది. ఆమె ప్రతిరోజూ కళ్ళు మూసుకుంటే కనపడే తలుపు అదే. ఇన్నాళ్ళూ దానికి అవతలి వైపు నుంచి చూసింది, అంతే.

అరచేత్తో దబదబా బాదింది. "అమ్మగారూ! పంతులమ్మ గారూ!"

లోపల్నుంచి చప్పుడు. టంగ్. ఆగి, మళ్ళీ టంగ్. స్టీలు నేలకి తగిలిన చప్పుడు.

ఆ అలికిడికి కింద భాగంలో ఉండే ఆయన టవలు భుజాన వేసుకుని పైకి వచ్చాడు. "మీరు చూస్తున్నారా, మంచిది. నిన్న పొద్దుట్నుంచీ ఒకటే కొట్టుడు. ఏదో రిపేరు పని చేయిస్తున్నారనుకున్నాం. రాత్రి కూడా ఆపకపోతే, పొద్దున్నే వచ్చి చప్పుడు తగ్గించమని చెబుదామనుకున్నాను."

కోడలు ఆయన మొహంలోకి చూసింది. "చెబుదామనైనా పైకి రావాల్సింది కదండీ!" అని అరిచింది. "తిట్టడానికైనా రావాల్సింది!"

కండక్టరు గారు భుజంతో రెండుసార్లు గుద్దితే లాభం లేకపోయింది. కిందాయన గునపం తెచ్చాడు. గడియ ఊడింది. స్నానాల గది గడప మీద, సగం లోపల సగం బయట, పంతులమ్మ గారు పడి ఉంది. నడక బట్టలు, ఒక కాలికి బూటు, రెండోది చేతికి అందనంత దూరంలో. తుంటి దగ్గర కాలు వంకరగా తిరిగి ఉంది. కుడిచేతిలో స్టీలు మగ్గు. దాని అంచు సొట్టలు పడిపోయింది. నేల మీద పలక ఒకటి పగిలి ఉంది, అక్కడే కొట్టి కొట్టి. పక్కన బల్ల మీద మూడో బహుమతి కప్పు.

ఆవిడ పెదాలు విచ్చుకోవడానికి సమయం పట్టింది. ఎడమచేతి గడియారం కోడలి వైపు తిప్పింది.

"ఇరవై ఆరు గంటల... పది నిమిషాలు," అంది.

కోడలు పాపని కండక్టరు గారికి అందించి, నేల మీద కూర్చుని, దూదిని నీళ్ళలో ముంచి ఆవిడ పెదాలు తడిపింది. ఆసుపత్రి బండి వచ్చింది. ఇద్దరు మనుషులు దుప్పటి కింద నుంచి ఎత్తుతుంటే ఆవిడ కేకేసింది. ఆ గొంతులో బడీ లేదు, బారూ లేదు. "నెమ్మది... నెమ్మది!"

అప్పటికే ఆఖరి మెట్టు ఎక్కి వచ్చి, కర్రకి ఆనుకుని గుమ్మంలో నిలబడి ఉంది అత్త.

"వచ్చానండీ," అంది. "ఇక్కడే ఉన్నాను."

పంతులమ్మ గారు కళ్ళు తిప్పి చూసింది. దుప్పటి అంచు దాటి వచ్చిన చేతిని అత్త పట్టుకుంది. మెట్ల మలుపు దాకా, కుంటుకుంటూ, ఆ చెయ్యి వదలకుండా దిగింది. ఎత్తుకెళ్ళేవాళ్ళు కూడా అత్త నడకకి తగ్గట్టే దిగాల్సి వచ్చింది.

కోడలి కోపం పోలేదు. టోపీ సంగతి ఆమె ఈనాటికీ మర్చిపోలేదు, ఆ పదకొండు చప్పట్ల బొమ్మలూ మర్చిపోలేదు. కానీ ఆ రోజు గుమ్మంలో పడి ఉన్న రెండు పేపర్లూ తీసి బల్ల మీద పెడుతున్నప్పుడు, సోమవారం పొద్దు ఎంత హాయిగా ఉందని తను అన్న మాట గుర్తొచ్చి, ఆమె కాసేపు ఆ పగిలిన పలక మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

మీ ఇంటి పైనో, పక్కనో, గోడ అవతలో ఒక్కరే ఉండేవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మీకు వాళ్ళంటే పడకపోవచ్చు. ఎవరో చూసే ఉంటార్లే అనుకోకండి. ఈ కాగితం పక్కన పెట్టి, తిట్టడానికైనా సరే, ఒకసారి పైకెళ్ళి ఆ తలుపు కొట్టి రండి.